వేగులవాడి నోటుపుస్తకం

"ఏం రాస్తున్నావురా ఇక్కడ కూర్చుని?"

కాఫీ దుకాణం మూలన కూర్చున్న కొత్తమనిషిని కంచరి అబూ దీబ్ మెడపట్టి లేపాడు. బల్ల మీద కాఫీ కప్పు దొర్లింది.

నెల రోజులుగా ఆ బక్కమనిషి సాయంత్రం నమాజు కాగానే వచ్చి మూలన కూర్చుంటున్నాడు. ఎవరేం మాట్లాడినా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. డమాస్కస్‌లో ఆ రోజుల్లో అలా రాసుకునేవాళ్ళు సుల్తాను వేగులవాళ్ళే.

"మీ మాటలు రాసుకుంటున్నానన్నా. బాగుంటాయి."

"బాగుంటాయా! మొన్న గవర్నరుని గాడిద అన్నాను. అదీ రాశావా?"

"అదే అన్నిటికన్నా బాగుంది."

అందరూ గొల్లున నవ్వారు. అబూ దీబ్‌కు మాత్రం చెమట పట్టింది. నోటుపుస్తకం లాక్కుని నడికట్టులో దోపుకుని, మనిషిని వీధిలోకి నెట్టాడు.

"అది ఇచ్చెయ్యన్నా. రేపటికి నేను ఊళ్ళో ఉండను."

"ఉండకపోతే నీకే మంచిది!"

అంతలో కథకుడు షేక్ నుమాన్ వచ్చాడు. ఎత్తు కుర్చీ ఎక్కి, ఖాళీ అయిన మూలవైపు ఒక్క క్షణం చూసి, కాగితాలు విప్పాడు.

ఈమధ్య ఆయన పాత వీరగాథలు పక్కనపెట్టి కొత్త కథ ఒకటి చదువుతున్నాడు. ఎక్కడిదంటే, "మా తాతగారి పెట్టెలో దొరికింది" అంటాడు.

అది హస్నా అనే అనాథపిల్ల కథ. ఆ సాయంత్రం పినతండ్రి ఆమెకు ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. "నీ ఆరోగ్యం కోసం రాయించిన ప్రార్థన, దువా తల్లీ, వేలిముద్ర వెయ్యి" అన్నాడు. నిజానికి అది తండ్రి వదిలిన ఖుబానీ పళ్ళ తోటను అతనికి రాసిచ్చే పత్రం.

హస్నా వేలికి సిరా అంటింది. వేలు కాగితం మీదికి వంగింది.

షేక్ కాగితాలు మడిచేశాడు.

"వెయ్యకే పిచ్చితల్లీ!" అని అరిచాడు అబూ దీబ్, నిజంగా పిల్ల ఎదురుగా ఉన్నట్టు.

తెల్లవారి నమాజు కాగానే వెళ్ళి షేక్ తలుపు బాదాడు. వెనక సగం వీధి ఉంది.

"షేక్‌గారూ, నిద్రపట్టలేదు. ఆ పిల్లని బయటపడెయ్యండి."

"తాతగారి కాగితాలు అక్కడికే అయిపోయాయయ్యా."

"అయితే మీరే కల్పించండి. కాగితం చదివించండి ఆమెతో!"

"అక్షరం రాని పిల్ల ఎలా చదువుతుంది?"

"ఎవరో ఒకరు నేర్పాలి."

"ఎవరు నేర్పుతారు? మన వీధి బడిలో పంతులమ్మ సబీహా ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని కూర్చుంది. గురువారానికి పదిమంది కాకపోతే బడికి తాళమే. చదువొచ్చిన ఆడపిల్ల ముందు ప్రేమలేఖ రాస్తుందని అన్నదెవరు?"

అబూ దీబ్ గడ్డం గోక్కున్నాడు.

"ఆడపిల్లల చదువు గురించి ఆ నసూహ్ హలబీ పుస్తకం అచ్చువేసి పంచితే, కొలిమిలో పెట్టిందెవరు?"

"అది వేరే సంగతి. వాడు మతం చెడ్డవాడట. సైనికులు వెతుకుతున్నారట కూడా."

"సరే, వాడి మాట వదిలెయ్. ప్రళయంనాడు దేవుడి ముందు ఎవరి పాపపుణ్యాల పుస్తకం వాళ్ళకి తెరిచి ఇస్తారు కదా. మీ అమ్మాయి నజీబా తన పుస్తకం తానే చదువుకుంటుందా, పక్కింటివాణ్ణి పిలుచుకుంటుందా?"

 

అబూ దీబ్ ఇంటికి వెళ్ళి ఎనిమిదేళ్ళ నజీబా చెయ్యి పట్టుకుని బయలుదేరాడు. దారిలో ప్రతి తలుపూ తట్టాడు.

"ఏం పిన్నీ, మీ పిల్లని కూడా హస్నాలా చేస్తావా? పంపు!"

పదిమంది చాలన్న బడికి పదిహేడుమంది వచ్చారు. చాపలు చాలకపోతే కాఫీ దుకాణం చాపలన్నీ మోసుకొచ్చి పరిచారు. ఆ వారమంతా మగవాళ్ళు కటికనేల మీద కూర్చుని కాఫీ తాగారు.

చలికాలం వెళ్ళింది. ఖుబానీలు పండాయి. గవర్నరు బదిలీ అయ్యాడు.

అప్పటికి అబూ దీబ్‌కు ధైర్యం వచ్చింది. తనకు చదువు రాక, పరాయివాడి చేతికివ్వడానికి భయపడి దూలం మీద దాచిన నోటుపుస్తకం తీశాడు. నజీబాను కాఫీ దుకాణానికి తీసుకెళ్ళి షేక్‌గారి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాడు.

"వినండర్రా! ఆ వేగులవాడు మనమీద ఏమేం ఎక్కించాడో నా కూతురు చదువుతుంది."

నజీబా వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"హస్నా... వేలు వెనక్కి తీసుకుంది."

హుక్కాల చప్పుడు ఆగిపోయింది.

"కాగితం దీపం దగ్గర పెట్టి, చాటుగా నేర్చుకున్న అక్షరాలతో చదివింది. 'చిన్నాన్నా, ఇది దువా కాదు. మా నాన్న తోట' అంది. 'నువ్వు గవర్నరు కన్నా పెద్ద గాడిదవి' అంది."

దుకాణం పైకప్పు లేచిపోయేంత కేక పుట్టింది. ముసలివాళ్ళు కూడా బల్లలు బాదారు. పంతులమ్మ బడిలోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

అబూ దీబ్ మాత్రం మూలనున్న ఖాళీ బల్లవైపే చూస్తున్నాడు.

"అయితే ఆ కథ... షేక్‌గారూ, మీ తాతగారి పెట్టె..."

"మా తాతకు పెట్టే లేదయ్యా. ఆ కథ రోజుకింత రాసిచ్చింది ఆ మూలన కూర్చున్న మనిషే. నువ్వు గెంటిన రాత్రే ఓడ ఎక్కడానికి బేరూతు వెళ్ళిపోయాడు."

"ఎవరతను?"

షేక్ కుర్చీలో ఉన్న పిల్లవైపు చూపించాడు.

నజీబా చివరి పేజీ తిప్పింది, అడుగున ఉన్న సంతకం మీద వేలుపెట్టి, తండ్రి కొలిమిలో కాలిన పుస్తకం మీద ఉన్న పేరునే, ఒక్కో అక్షరం పలుకుతూ పైకి చదివింది: "నసూహ్... హలబీ."