గోడ అవతలి గురక

గురక వింటే ఆమెకు భయం లేదు. అది ఆగిపోతేనే భయం. కిందటేడు ఒక రాత్రి భర్త గురక మధ్యలో ఆగింది. తెల్లారి లేపబోతే మనిషి లేడు.

గుండె కండరం మందమయ్యే జబ్బనీ, వంశపారంపర్యంగా వస్తుందనీ డాక్టరు చెప్పాడు. ముప్పు ఎవరికుందో ఈసీజీ గీతల్లో ముందే తెలియొచ్చు, ఇంటిల్లిపాదికీ తీయించమన్నాడు. ఆమె తన చంటిదానికి తీయించింది. మరిది మాత్రం కదల్లేదు.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గరా అదే గొడవ.

"నాది గుండె కాదొదినా, గుండ్రాయి!"

"అయితే పోయి ఆ ఈసీజీ బల్లమీద కాసేపు పడుకో. అరిగిపోతావా?"

"రేపు చూద్దాంలే."

"మీ అన్నా ఇదే కూశాడు!" ఆమె గరిటె విసిరికొట్టింది.

అర్ధరాత్రి దాటినా కోపంతో ఆమెకు నిద్ర పట్టలేదు. గోడ అవతల మరిది గురక రంపంలా సాగుతోంది. ఉన్నట్టుండి ఆగింది. ఆమె ఊపిరి బిగబట్టింది. మళ్లీ మొదలైంది, కానీ ఈసారి ప్రతి గురక చివరా సన్నని ఈల. ఆ ఈల మరిదికి ఏనాడూ లేదు. అది ఆమె భర్తది.

ఒళ్లు జలదరించింది. అంతకు మించి మండింది. వెళ్లి తలుపు బాదింది. లోపల గడియ పెట్టి ఉంది.

"తోడబుట్టినవాణ్ణి కూడా తీసుకుపోతావా? సిగ్గులేదూ? వదులు వాణ్ణి!"

ఈలతో పాటు గురకా సగంలో ఆగింది.

ఆమె ఇంకా తలుపు బాదుతూనే ఉంది. మీ ఇంట్లోనూ "రేపు చూద్దాంలే" అన్నవాడెవడో పడుకుని ఉంటాడు. చదవడం ఆపి, ఒక్కసారి వెళ్లి వాణ్ణి లేపి రండి.