స్కానర్ పట్టించిన మనిషి

కోరుట్లలోకి వస్తుండగా కారులో పసుపుపచ్చ లైటు వెలిగింది.

అనంత్ రావు కారు వేగం తగ్గించాడు. ఈ దిక్కుమాలిన లైటు ఇవాళే వెలగాలా!

వెనక సీట్లో కొత్త చీర ఉంది. బావ పోయి నేటికి పదో దినం. తల్లిగారింటి చీర తమ్ముడు తెచ్చి కప్పితే తప్ప అక్క పీట మీది నుంచి లేవదు. పొద్దు నడినెత్తికి రాకముందే మల్లాపూర్ అవతలి ఊరికి చేరాలి.

అసలు ఆ తొవ్వన పోవడమే గండం. అడవిలోని నక్సలైట్ అన్నల హెచ్చరిక వచ్చినప్పటి నుంచి ఆయన జగిత్యాల దాటి కాలు బయటపెట్టలేదు.

మెకానిక్ హన్మండ్లు షెడ్డు ముందు కారు ఆపాడు. కంప్యూటర్ ఇంజన్ల కార్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వాటి రోగం చెప్పే స్కానర్ ఆ చుట్టుపక్కల హన్మండ్లు ఒక్కడి దగ్గరే ఉంది. అరచేతిలో ఇమిడే ఆ డబ్బాను పసిపిల్లలా చూసుకునేవాడు.

స్టీరింగు కింద దాని వైరు గుచ్చి, తెర మీద పడ్డ కోడ్ చదివాడు.

"ఏం భయం లేదు సార్. పొగగొట్టం కాడి సెన్సర్‌కు మసి పట్టింది. కోడ్ చెరిపేసిన. మల్లాపూర్ ఏంది, నాగపూర్ దాకా పోవచ్చు."

"ఇగ పోవాల్నా మరి?"

"బానెట్ జెర తెరిచి ఉండనియ్యుండ్రి, ఇంజన్ సల్లబడ్తది. గంతల చాయ్ తాగి రాండ్రి."

పక్కనే మొగిలవ్వ హోటల్. బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తలలో అక్కడక్కడా నూలు పోగులు.

"మల్లాపూర్ దిక్కేనా దొరా?"

"ఎందుకు?"

"ఇయ్యాల పోకుంటె నడ్వదా?"

అనంత్ రావుకు ఒళ్లు మండింది.

"మా అక్కకు చీర కప్పాలె. పదో దినం రేపటికి జరుపుతరా? నాకు చెప్పెతందుకు నువ్వెవలివయ్యా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. హోటల్లో ఉన్న నలుగురినీ చూశాడు. నోరు మూసుకుని లేచి వెళ్లిపోయాడు.

అనంత్ రావు చాయ్ తాగి వచ్చాడు. తాళం తిప్పితే ఇంజను గరగరమంటోంది గానీ అందుకోవడం లేదు.

హన్మండ్లు మళ్లీ స్కానర్ పెట్టాడు. మొహం మారిపోయింది.

"గిది ఇందాకటి కోడ్ కాదు సార్. ఇంజన్ తిరుగుతున్నట్టు చెప్పే సెన్సర్ నుంచి ఉలుకు లేదు, పలుకు లేదు. జెరసేపటి కింద లేని రోగం గింతలనే ఎట్లొచ్చె?"

టార్చి పట్టుకుని లోపలికి వంగాడు.

"ఖరాబు గాలె సార్! వైరు ఎవడో కోసిండు. కొసలు సూడుండ్రి, ఎంత నున్నగున్నయో."

అందరి కళ్లూ షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాయన మీద పడ్డాయి. ఆయన పారిపోలేదు. జేబు వెతికితే నూలు పోగులు కత్తిరించే చిన్న కత్తెర దొరికింది.

"నువ్వేనా?"

"నేనే దొరా."

"ఎందుకు?"

ముసలాయన మల్లాపూర్ తొవ్వ దిక్కు చూశాడు.

అనంత్ రావు చెయ్యి ఊరుకోలేదు. చెంప ఛెళ్లుమంది. ముసలాయన తువ్వాల జారి గ్రీజు మరకల్లో పడింది.

"పీట మీద కూసోని మా అక్క నా తొవ్వ సూస్తాంది! నీ పాడుగాను, నీకేం అన్యాలం జేసిన?"

"కొట్టుండ్రి దొరా. ఆ తొవ్వ మాత్రం పట్టకుండ్రి."

ఆ మాటతో అనంత్ రావుకు అనుమానం గట్టిపడింది.

"వీడు అన్నల మనిషే! నన్ను ఈడ ఆపి వాళ్లకు కబురంపుతున్నడు!"

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ పోయింది. పోలీసు జీపు వచ్చింది. ముసలాయన మారుమాట లేకుండా ఎక్కాడు.

హన్మండ్లు వైరు అతికాడు. కోడ్ చెరిపాడు. ఇంజను బ్రహ్మాండంగా అందుకుంది.

గేరు వేసే లోపే మల్లాపూర్ నుంచి బస్సు వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి మొగిలవ్వ దగ్గర గటగటా నీళ్లు తాగాడు.

"వాగు కాడ అన్నలు కార్లన్ని ఆపుతున్నరవ్వా. అనంత్ రావు ఉన్నడా అని ఒక్కటే అడుగుడు. పదో దినానికి తల్లిగారి చీర తేక ఏడికి పోతడు అంటున్నరు."

అనంత్ రావు ఇంజను ఆపి మొగిలవ్వ దగ్గరికి పరుగెత్తాడు.

"అవ్వా, ఆ ముసలాయనకు ఎరుకేనా గిది? ఎరుకైతె నోరు తెరిచి చెప్పద్దా?"

"ఎట్ల జెప్తడు దొరా? నలుగుట్ల నోరిప్పితె ఇన్ఫార్మర్ అని ఆయన్నే సంపుదురు. నన్ను సుత చెప్పద్దని కండ్లతోనే సైగ జేసిండు."

అనంత్ రావు బూత్‌లోకి ఉరికి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ కలిపాడు.

"సార్, తప్పు నాదే. ఆయన నన్ను బతికిచ్చిండు. ఇడిసిపెట్టుండ్రి."

"ఇంక యాడిది సార్! పేరు చెప్పంగనే పై ఆఫీసర్లకు అప్పజెప్పినం. మాకు పనికొచ్చే మనిషినే పట్టిచ్చిన్రు మీరు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

షెడ్డు ముందు తువ్వాల ఇంకా అట్లాగే పడి ఉంది. మొగిలవ్వ దాన్ని తీసి దులుపుతోంది.

"ఎవలవ్వా ఆయన?" అడిగాడు అనంత్ రావు.

"సిరిసిల్లల బట్ట నేసే సాంచెల కాడ పనిజేసే రాజనర్సు, దొరా. నిన్న ఇంటికొచ్చి బువ్వ తినుకుంట కొడుకు నోరు జారిండట. పొద్దుగాల మొదటి బస్సుకే ఉరికొచ్చి, నాకొక్కదానికే జెప్పి, నీ కారు కోసం ఈడ కాసుకొని కూసున్నడు."

"కొడుకా? ఆ పిలగానికెట్ల తెలుసు?"

మొగిలవ్వ తువ్వాలలో మొహం దాచుకుంది.

"వాగు కాడ తుపాకి వట్టుకొని నీకోసం కూసున్నోడు ఆయన ఒక్కగానొక్క కొడుకే."