తేనెటీగ నాణెం

"ఈ తేనెటీగ ఇలా పనికిరాదు మాస్టారూ," అంది దారింకా, ప్లాస్టర్ నమూనాను ఆయన ముందుకు నెడుతూ. "రెక్కల మీద గీతలు ఇంత ఎత్తుగా లేస్తే అచ్చు నాలుగు రోజుల్లో పగిలిపోతుంది."

ముసలి ప్రెత్నర్ నమూనాను ఒళ్ళోకి తీసుకున్నాడు.

ఆ ఏడు ల్యుబ్లియానాలో అన్నీ కొత్తవే. దేశం కొత్తది, తోలార్ అనే డబ్బు కొత్తది. పతకాలు చెక్కడంలో తల పండిన ప్రెత్నర్‌కు అర తోలార్ నాణెం నమూనా చేసే పని పోటీలో దక్కింది. ప్రభుత్వం తరఫున దాని కొలతలు ఖాయం చేసి సాయంత్రంలోగా టంకశాలకు పంపే బాధ్యత దారింకాది.

ఇరవై మిల్లీమీటర్ల అల్యూమినియం బిళ్ళ, గ్రాముకు లోపే బరువు. అంత పల్చని రేకు మీద అంత చెక్కుడు నిలవదని ఆమె అప్పటికి మూడుసార్లు చెప్పింది. ఆయన తగ్గకపోగా, అంచు చుట్టూ గాట్లు కూడా పెట్టాలని పట్టుబట్టాడు.

"జేబులో చెయ్యి పెడితే ఏ నాణెమో వేలికి తెలియాలమ్మాయ్."

"తీసి చూసుకుంటారు లెండి. జనానికి కళ్ళున్నాయి."

ప్రెత్నర్ మొహం వాడిపోయింది. దారింకా అది పట్టించుకోలేదు. ఒప్పుకోకపోతే పోటీలో రెండో స్థానం వచ్చినామెకు పని ఇచ్చేస్తామని చెప్పేసింది.

ఆయన తేనెటీగ వీపును బొటనవేలితో నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు.

"ఇదే నా ఆఖరి పని," అన్నాడు చివరికి. "దీన్ని మాత్రం ఇంకొకరి చేతిలో పెట్టకు. గీతలు తగ్గించుకో. గాట్లూ వద్దులే."

ఆమె మనసు చివుక్కుమంది. అయినా పొద్దు వాలుతోంది. కొలతల కాగితం తీసి ఆయన ముందు పరిచింది, ఒకసారి చూసుకోమంది.

"నువ్వే చదువు," అన్నాడాయన.

ఓడిపోయినా పెద్దరికం పోలేదనుకుంటూ ఆమె గబగబా చదివేసింది. వెడల్పు, మందం, బరువు. ఒక్కోదానికీ ఆయన తలూపాడు. అంచు నునుపు అన్నచోట మాత్రం ఊపలేదు.

ఆమె పెన్ను మూత తీసి చేతికిచ్చింది. "కింద సంతకం పెట్టండి మాస్టారూ."

ప్రెత్నర్ నిటారుగా కూర్చుని, పతకం మీద పేరు చెక్కినంత శ్రద్ధగా, ఒక్క అక్షరం చెదరకుండా సంతకం పెట్టాడు, కాగితానికి బెత్తెడు అవతల, బల్ల మీద.