అంచులాయన మాట

కార్డు మూడు అంచులూ గరుగ్గా ఉన్నాయి. నాలుగోది నున్నగా జారింది.

అంచులాయన చూపుడువేలు అక్కడే ఆగిపోయింది.

యాభై ఏళ్ళ కిందట బబుల్‌గమ్ పొట్లంలో వచ్చిన కార్డు. గాల్లోకి ఎగిరి బంతిని ఒడిసిపట్టుకుంటున్న గోల్‌కీపర్ బొమ్మ. అంత వయసున్న అట్ట అంచు నలిగి, నూగు లేచి ఉండాలి. కింది అంచు మాత్రం నిన్న కొన్న నోటుపుస్తకంలా ఉంది.

మూలలు పదునుగా కనబడాలని, అరిగిన అంచును ఎవరో వెంట్రుకవాసి కోసేశారు. కోసిన కార్డుకు విలువ సున్నా.

కంటికి అందే మోసం కాదది. ఇరవై రెండేళ్ళుగా ప్రెస్సులో కాగితం కోసే మెషిన్ మీద పనిచేస్తున్న వేలికి మాత్రం దొరికిపోయింది.

సైకిల్ షాపు మీది గదిలో ప్రతి ఆదివారం చేరే, పాత ఆటగాళ్ళ కార్డులు పోగేసేవాళ్ళు ఆయనకు అంచులాయన అని పేరు పెట్టింది అందుకే. కార్డు కొనాలన్నా, అమ్మాలన్నా, నాణ్యత చూసి పదికి మార్కులేసే గ్రేడింగు కంపెనీకి పంపాలన్నా ముందు ఆయన వేలు తగలాలి.

“ఏంటన్నయ్యా, నిద్రపోయావా?” అన్నాడు కార్డు తెచ్చినవాడు.

వాడు ఆయన తోడల్లుడు. మరదలి మొగుడు. కార్ల షోరూంలో సేల్స్ మేనేజరు.

కార్డుల పిచ్చి వాడికి అంటించింది అంచులాయనే. పిచ్చయితే అంటింది గానీ, అంటించినవాడి మీద గౌరవం అంటలేదు.

మొన్న అత్తగారింట్లో పదిమంది ముందు, “మా అన్నయ్యది పెద్ద ఉద్యోగమండీ, పొద్దస్తమానం కాయితాలు కత్తిరిస్తాడు” అన్నాడు. అందరూ నవ్వారు. తన భార్య కూడా నవ్వింది. అది తలుచుకున్నప్పుడల్లా ఆయనకు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఇప్పుడు వాడి పరువు ఆయన చూపుడువేలి కింద ఉంది.

“కోశారు” అని ఒక్క మాట అంటే చాలు. వాడు కార్డు జేబులో పెట్టుకుని పోతాడు. అక్కడితో సరి.

అక్కడితో సరిపెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

పంపనీ. కంపెనీవాళ్ళు భూతద్దాల కింద పెట్టి, ‘కత్తిరించిన కార్డు’ అని ముద్ర గుద్ది తిప్పి కొట్టనీ. ఈలోగా వాడు కనబడ్డవాడికల్లా గొప్పలు చెప్పుకుంటే ఇంకా మంచిది.

“బ్రహ్మాండంగా ఉంది తమ్ముడూ. పదికి తొమ్మిది ఖాయం. పంపించు.”

ఆ గదిలో ఆయన అబద్ధమాడటం అదే మొదలు.

తోడల్లుడు ఆయన ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత నవ్వాడు.

ఆరు వారాలు ఆయన హాయిగా ఎదురుచూశాడు. మెషిన్ దగ్గర కూనిరాగాలు కూడా తీశాడు.

ఏడో ఆదివారం తోడల్లుడు, కంపెనీవాళ్ళు సీలు వేసి పంపిన ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న కార్డును తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పైన తొమ్మిది అంకె.

ఆయన కళ్ళు చికిలించి మళ్ళీ చూశాడు. తొమ్మిదే. భూతద్దాలవాళ్ళు పప్పులో కాలేశారు.

“అంచులాయన అన్నాడంటే ఇక తిరుగులేదు” అని ఎవరో ఆయన భుజం తట్టారు. ఆయనకు కంపరమెత్తింది.

లేచి మెట్ల దగ్గరికి వెళ్ళాడు. తోడల్లుడు వెనకే వచ్చాడు.

“ఎలా కోశానో అడగవా?”

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“బ్లేడుతో. వంటింటి గట్టు మీద. నీ వేలు ఆగిపోవడం చూశాన్లే అన్నయ్యా. అయినా బాగుందన్నావు. నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేద్దామనేగా?”

“దాన్ని అమ్మావంటే ఊరుకోను.”

“ఏం చేస్తావు? లోపలికెళ్ళి చెప్తావా? ఏమని? తెలిసి తెలిసీ అబద్ధమాడాననా?” వాడు చెయ్యి చాపి ఆయన కాలరు సర్దాడు. “బంధువులం. ఒకళ్ళనొకళ్ళం చూసుకోవాలి కదా.”

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

లోపలికి వచ్చేసరికి డ్రిల్లు మాస్టారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎప్పుడో రిటైరైన మనిషి, గదిలో అందరికన్నా పెద్ద. కుర్రతనంలో ఆ గోల్‌కీపర్ ఆటను స్టేడియం గోడెక్కి చూశారట. ఆ జట్టులో పదిమంది కార్డులూ మాస్టారి దగ్గర ఉన్నాయి. పదకొండోదాని కోసం ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నారు.

ఒళ్ళో సంచి, సంచిలో నాలుగు ఆల్బమ్‌లు. జీవితమంతా ఒక్కొక్కటే కూడబెట్టిన కార్డులు. ఆ నాలుగూ ఇచ్చి ఈ ఒక్కటి తీసుకుంటానని తోడల్లుడికి కబురు చేశారట.

“ఇంట్లో వద్దంటే వద్దన్నారోయ్,” అన్నారు మాస్టారు అంచులాయనతో. “పెట్టెలో పెట్టిందల్లా అసలుది కాదు, మోసపోతావన్నారు. ఆ కంపెనీవాళ్ళ సంగతి నాకనవసరం. నువ్వు పట్టుకుని చూశావటగా?”

గదిలో అందరూ ఇటు తిరిగారు. తోడల్లుడు గోడకు ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

నిజం చెప్తే ఆల్బమ్‌లు సంచిలోనే ఉండిపోతాయి. కానీ రేపటి నుంచి ఈ గదిలో ఆయన ముందు ఎవరూ కార్డు పెట్టరు. ఇక్కడ కూడా ఆయన కాయితాలు కత్తిరించేవాడే అవుతాడు.

“చూశాను మాస్టారూ.”

“చూసి?”

ఆయన చూపు పెట్టె మీది తొమ్మిది అంకె మీదికి పోయింది.

“బాగుంది.”

మాస్టారి ముఖం చిన్నపిల్లాడి ముఖమైపోయింది. ఆ ముఖం చూడలేక అంచులాయన తల దించుకున్నాడు.

మాస్టారు మొదటి ఆల్బమ్ బయటికి తీసి, అట్టను ఒకసారి అరచేత్తో తుడిచి, తోడల్లుడి ముందుకు జరిపారు.

తర్వాత రెండోది తీశారు.