పొదలోని కౌజు

"ఇది కౌజు కాదురా. దీనికి నా మాట వినే ఓపికే లేదు."

మంచంలో ఉన్న అక్కయమ్మ, మనవడు చెవి దగ్గర పెట్టిన ఫోన్‌ను పక్కకు తోసేసింది.

అమరనాథ్ నొచ్చుకున్నాడు. ఆ కౌజు పిట్ట కూత కోసం రాత్రంతా ఇంటర్నెట్ గాలించాడు మరి.

"అచ్చం అదే కదవ్వా?"

"కూత అదే. నేను కూస్తే బదులేదీ? దాని పాటికి అది అరుస్తా ఉండాది."

మడకశిర దగ్గర చేను కాచే రోజుల్లో అక్కయమ్మ పొద్దున్నే గుడిసె ముందు నిలబడి కౌజులా కూసేదట. గట్టు అవతలి నుంచి మగ కౌజు కయ్యానికి కాలు దువ్వుతూ బదులు కూసేదట. ఇప్పుడు అత్తిబెలెలో, మనవడి ఇంట్లో మంచం పట్టింది. అన్నం మానేసింది. ఏం కావాలవ్వా అంటే ఒకటే మాట.

"ఒక తూరి కౌజు చేత బదులు పలికించల్ల. అంతే."

"అడవి పిట్టను పట్టుకొస్తే కేసవుతుందండీ," అంది అమరనాథ్ భార్య అంబిక.

"అవ్వను మడకశిర దాకా ఎత్తుకుపోలేం కదా. నాలుగు దినాలు కిటికీ కాడ పెట్టి వదిలేస్తాలే."

ఊరి చివర ఎండిన చెరువు ఉంది. సగం లేఅవుట్ మింగేసింది. మిగతా సగంలో సర్కారు తుమ్మ పెరిగింది. శివరాత్రి పోయి ఎండ ముదిరితే మగ కౌజులు కూతెత్తుకునే కాలమది. అమరనాథ్ పొదల సందులో వల కట్టి, గడ్డిలో ఫోన్ దాచి కూయించాడు.

మొదటి పొద్దే అవతలి పొద బదులు పలికింది. అతనికి ఎగిరి గంతేయాలనిపించింది.

కానీ కౌజును పట్టడమంటే కోడిని గంప కింద మూయడం కాదు. ఫోన్ కూస్తే అదీ కూసేది. మళ్లీ కూస్తే ఇంకాస్త దగ్గరికి వచ్చేది. వల దాకా వచ్చినట్టే వచ్చి, ఇతను కాస్త కదిలితే చాలు, మూగనోము పట్టేది. గండుచీమలు కాళ్లు పీకుతున్నా ఉలకకూడదు. తుమ్మిన రోజు వేట అంతటితో సరి. ఈ వేటలో పడి నగర్తపేటలోని అతని అంగడి మధ్యాహ్నానికి గానీ తెరుచుకోవడం లేదు.

ఇంటికొచ్చి ఆ కబురే చెప్పేవాడు.

"అవ్వా, ఇయ్యాల బాగా దగ్గరికొచ్చినాది."

ఆ మాట విన్న పూట అక్కయమ్మ ఒక గుటక గంజి ఎక్కువ తాగేది.

ఒక పొద్దున కూత మరీ దగ్గరగా వినిపించింది. పొద కదిలింది. అమరనాథ్ ఫోన్ ఆపేసి, ఊపిరి బిగబట్టి వల తాడు అందుకున్నాడు.

పొదలోంచి తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలాయన బయటికొచ్చాడు.

"అప్పా, ఈ పక్క ఒక కౌజు కూస్తా ఉండాది. నీ కంట్లో పడిందా?"

అమరనాథ్‌కు ఒళ్లు మండిపోయింది.

"పట్టేదానికొచ్చినావా?"

"లేదప్పా. ఒక తూరి చూసి పోతా."

"అందరూ అట్లే అంటారు. నీ మొగం చూస్తేనే తెలుస్తా ఉండాది, కూర వండుకునేదానికని."

"వల నీదే కదప్పా?"

ముసలాయన మెల్లగానే అన్నాడు. అమరనాథ్‌కు అదే ఎక్కడో తగిలింది.

"ఇంగొక తూరి ఈ పక్క కనబడితే పోలీసులకు పట్టిస్తా. పో!"

ముసలాయన రెండడుగులు వేసి ఆగాడు.

"దాన్ని చంపొద్దప్పా. అదొక్కటే ఉండాది."

మర్నాడు ఫోన్ ఎంత కూసినా బదులు రాలేదు. ఆ మర్నాడూ లేదు. ముసలోడు ఎత్తుకుపోయి ఉంటాడని అమరనాథ్ పళ్లు నూరాడు.

అక్కయమ్మ గంజి కూడా మానేసింది. "ఇయ్యాలైనా పలికిందా?" అని అడిగి అడిగి, ఉగాది ఇంకా రాకముందే కన్నుమూసింది.

కర్మలు ముగిశాక అమరనాథ్ వల విప్పుకోవడానికి చెరువులోకి వెళ్లాడు. లేఅవుట్ వాచ్‌మన్ పిల్లప్ప ఎదురొచ్చాడు.

"ఏం సార్, వల?"

"కౌజు కోసం వేసినా. ఎవరో ముసలోడు నాకంటే ముందు ఎత్తుకుపోయినాడు."

పిల్లప్ప నవ్వాడు.

"ఈడ కౌజు యాడిది సార్? చెరువు ఎండినప్పటి నుంచి ఒక్కటీ లేదు."

"నేను దినామూ విన్నాను కదయ్యా!"

"తలగుడ్డ ముసలాయనేనా? బైరప్ప. మీరు విన్నది ఆయన్నే. నోటితో కూసినాడంటే పిట్టలే మోసపోతాయి."

అమరనాథ్ కట్ట మీద కూలబడ్డాడు. ఒక్క మాట మంచిగా అడిగి ఉంటే ఆ మనిషి ఇంటికొచ్చేవాడు. కిటికీ అవతల కూర్చుని, అవ్వ కూసినంతసేపూ బదులు పలికేవాడు. తన చేత్తో తనే తరిమేశాడు. ఏడుపు ఆగలేదు.

"ఇప్పుడు యాడుంటాడు?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవరో పోలీసులని బెదిరించినారంట. కూతురి ఊరికి పోయినాడు. యా ఊరో చెప్పలేదు సార్."

"పిట్టలే లేని చోట ఆయన ఎవరికోసం కూసినాడు?"

"పొద్దున్నే ఈ గడ్డిలో కూత విని, ఇన్నేండ్లకు ఒక కౌజు తిరిగొచ్చిందని సంబరపడినాడు సార్. జతలేని పిట్ట, బదులు రాకుంటే దిగులుపడి ఈ చోటు విడిచి పోతాదేమోనని, పొదలో కూర్చోని తానే దానికి తోడు పలుకుతా ఉండినాడు."