ప్రశ్న అడగని బటన్

"పాము చావాలి, కర్ర విరగకూడదు. అంతే బాబూ!" అన్నాడు భర్త, కంప్యూటర్ పవర్ బటన్ చూపిస్తూ.

మెకానిక్ నవ్వాడు. ఇప్పటిదాకా ఆ బటన్ నొక్కితే తెర మీద ఒక ప్రశ్న వచ్చేది: 'ఆపేయమంటారా?' ఆయన భార్య ప్రతిసారీ 'వద్దు' అనేది. అప్పుడాయన ఏకంగా వైరే పీకేసేవాడు. అలా పీకి పీకి రెండుసార్లు హార్డ్‌డిస్క్ పాడుచేశాడు.

"ఆ ప్రశ్న తీసెయ్. నొక్కగానే అన్నీ పద్ధతిగా మూసుకుని ఆగిపోవాలి."

"ఆ ప్రశ్న ఉండనివ్వండి," అంది ఆమె.

మెకానిక్ ఆమె వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని ఆయన్నే అడిగాడు. "మేడమ్‌గారు వద్దంటున్నారు కద సార్?"

"మా ఆవిడ దేనికి సరేనంది కనక! పొద్దస్తమానం దాని ముందే. మొదలుపెట్టిందంటే ఆనకట్ట వేసినా ఆగదు. సాయంత్రం మా అక్క వస్తోంది. ఆవిడ ముందు ఈ గోల ఎందుకు?"

"ఏమండీ, వదినతో ఒక్క మాట చెప్పనివ్వండి."

ఎంత కోపంగా ఉన్నా, మాట మాత్రం ఎప్పటిలాగే చదునుగా వచ్చింది. ఆ ఒక్క మాటనే ఆమె పొద్దుటి నుంచి అక్షరం అక్షరం కూర్చుకుంటోంది: 'వదినా, నన్ను మీతో తీసుకెళ్ళండి.' ఈ ఇంట్లో ఇక ఉండలేనని ఆయనకు చెప్పి చూసింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది. వినే మనిషి ఇక వదిన ఒక్కతే.

మెకానిక్ మౌస్ అందుకున్నాడు. ఆమె ఊరుకోవలసి వచ్చింది. తెర మీద 'అడుగు' అని ఉన్నచోట అతను 'ఆపు' అని మార్చడం కళ్ళారా చూసింది.

"అయిపోయింది సార్. ఇక మెషిన్‌కి ఏ దెబ్బా తగలదు."

"అదే కదా కావలసింది!"

సాయంత్రం వదిన వచ్చింది. వస్తూనే తిన్నగా ఆమె పక్కన కూర్చుంది. "ఎలా ఉన్నావమ్మా?"

"వదినా, నన్ను మీతో..."

ఆయన నవ్వుతూ బటన్ నొక్కాడు. తెర ఏమీ అడగలేదు. మర్యాదగా నల్లబడింది.

"ఏదో అనబోయిందిరా?" అంది వదిన.

"నీతో కబుర్లు చెప్పాలని పొద్దుటి నుంచీ ఒకటే హడావుడి. అలసిపోయిందక్కా."

"పాపం, పడుకోనీ." వదిన దుప్పటి సర్ది, దీపం తగ్గించి లేచింది.

చూపు తప్ప ఒంట్లో మరేదీ కదలని ఆమెకు, కళ్ళతో అక్షరాలు ఏరి పలికించుకునే ఆ కంప్యూటరొక్కటే నోరు.