ఊచలు లేని బొమ్మ

“నా కుర్చీలోంచి సూస్తే ఎలాగ కనిపిస్తాదో, అచ్చం అలాగే ఉండాల టీచరుగారూ,” అన్నాడు ఎజ్రా, కాఫీ గింజల బస్తాల మధ్య నుంచి రోడ్డు అవతలికి వేలు చూపిస్తూ.

నూకరత్నం అటు చూసింది. గేటు, చిన్న వాకిలి, దాని వెనక ఇల్లు. ఆ ఇంటి తలుపు వెనక సందులో ఉంటుంది; ఆ సందు అవతలి వీధిలోకి పోతుంది. రోడ్డు వైపు ఒక్క కిటికీయే. ఊచల వెనక ఒక అమ్మాయి తల వంచుకుని కూర్చుంది.

“మా ఆవిడ, క్యాథరిన్. కొట్టు తీసిన కాణ్ణుంచి కట్టేదాకా అక్కడే కూకుంటాది. నాకు కనిపిస్తండాల గదా.”

“ఫొటో తీసి పెద్దది సేయించుకుంటే బేగి అయిపోద్ది కదా బాబూ?”

“ఫొటో ఎవడైనా పెట్టుకుంటాడు. మొన్న రిసార్టులో సూసేను, ఆయిల్ పెయింటింగు. మనిషి సైజు. అలాటిది కొత్తింటి హాల్లో పెట్టాల. నీలం సీర, ఒళ్లో బైబిలు. ఊచలు మాత్రం ఎయ్యకండి. వచ్చినోళ్లు మరోలా అనుకుంటారు.”

అరకులో బొమ్మలు వేసేవాళ్లు లేక కాదు, ఆడవాళ్లు దొరక్క ఎజ్రా రెండు నెలలు ఆగాడు. నూకరత్నం డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైందని తెలిశాకే అతని ప్రాణం కుదుటపడింది. పెళ్లామంటే అంత ప్రేమ మరి. ఆ ప్రేమ వెనక తలుపుకు ఒక తాళంకప్పగానూ, ముందు గేటుకు ఇంకొకటిగానూ వేలాడుతుండేది.

సోమవారం పొద్దున్న వెనక తలుపు తాళంచెవి ఆమెకిచ్చాడు. “వచ్చీటప్పుడు తాళం ఏసి, సెవి నా సేతికివ్వండి. మర్సిపోకండి.”

లోపల క్యాథరిన్ అప్పటికే కుర్చీలో ఉంది. కాన్వాసు మీద బొగ్గుతో గీతలు గీస్తూ నూకరత్నం, “మెడ నొప్పెడితే సెప్పమ్మా,” అంది.

“అలవాటే టీచరుగారూ. ఏడాదిన్నరగా కూకుంటన్నాను.”

మంగళవారం ఆమె బైబిల్లోంచి ఒక కాగితం తీసి చూపించింది. ఎస్.కోట ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం. ఈ శుక్రవారం సాయంత్రం ఐదులోగా చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

“ఆయనకి తెలుసా?”

“ఆయనే తెచ్చిచ్చేరు. దాసుకో, పొద్దుపోకపోతే సదువుకో అన్నారు. ఫోను మాత్రం గల్లాపెట్టెలో ఎట్టుకున్నారు.”

“మీ అమ్మకి సెప్పలేదా?”

“సెప్పేను. మొగుడు కళ్లల్లో పెట్టుకుని సూసుకుంటంటే ఏటి నీ బాధ అన్నాది.”

నూకరత్నానికి ఒళ్లు మండింది. అంతలో రోడ్డు మీద పెద్దగా హారను మోగింది.

“ఎస్.కోట బస్సు. పదింపావుకి పోతాది. రోజూ వింటాను,” అంది క్యాథరిన్.

“నానేటి సెయ్యగలను తల్లీ, బొమ్మలేసుకునే ముసిల్దాన్ని,” అంది నూకరత్నం. అని మళ్లీ కుంచె అందుకుంది.

క్యాథరిన్ కాగితం మళ్లీ బైబిల్లో పెట్టేసి అంది. “బొమ్మలో నన్ను నవ్వించకండి. ఈ కిటికీలో నానెప్పుడూ నవ్వలేదు.”

“సరే అమ్మా.”

“మెరుపు కూడా వొద్దు టీచరుగారూ. ఇక్కడ నానేటి మెరిసేనని.”

గురువారం ఎజ్రా వచ్చి చూసి నోరు తెరిచాడు. “అచ్చు తనే,” అంటూ బొమ్మ మీదికి చెయ్యి చాపాడు. నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ముట్టుకోకండి బాబూ. ఆయిల్ రంగు. పది రోజులైనా తడి ఆరదు.”

“పది రోజులా?”

“తొందరపడితే పాడైపోతాది.”

వెళ్తూ వెళ్తూ అతను భార్య వైపు తిరిగాడు. “రేపొక్క రోజూ గడిస్తే నీకూ ఆ గొడవ వొదిలిపోద్ది. జిలేబీ తెస్తానులే.”

శుక్రవారం సంత. కొండల మీంచి దిగిన జనంతో రోడ్డు నిండిపోయింది. పది దాటినా మంచు విడలేదు. ఎజ్రా తూకాల హడావుడిలో ఉండగా నూకరత్నం రంగుల పెట్టె చంకన పెట్టుకుని వచ్చి తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

“అయిపోనాది బాబూ. బొమ్మ ఆ గదిలోనే వొదిలీసేను, ఆరనీండి. అమ్మాయిని ఈ రోజుకి కదపకండి.”

“ఏటి, ఏడుస్తందా?”

“ఏడుపేటీ లేదు. కుదురుగా కూకుంది.”

అప్పుడే ఎస్.కోట బస్సు హారను కొట్టుకుంటూ జనం మధ్య నుంచి కదిలింది. ఎజ్రా గబుక్కున తలెత్తి కిటికీ వైపు చూశాడు. నీలం చీర, ఒళ్లో బైబిలు, వంచిన తల. ఉంది. గుండె నెమ్మదించి మళ్లీ తక్కెడ అందుకున్నాడు.

ఆ రోజు అన్నానికి వెళ్లే తీరిక కూడా లేకపోయింది. అయినా గంటకోసారి చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం ఒకసారి చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు. ఎప్పుడూ ఊపదు. గోడ గడియారం ఐదు కొట్టినప్పుడు మాత్రం అతనికి ఈల వెయ్యాలనిపించింది.

కొట్టు కట్టి, సంతలో జిలేబీ పొట్లం కొని, గేటు తాళం తీసేసరికి చీకటి పడుతోంది. కరెంటు లేదు. మంచు మళ్లీ కమ్ముకొస్తోంది. వెనక సందులోకి వెళ్లబోతూ కిటికీ దగ్గర ఆగాడు. ఇంకా అలాగే కూర్చుని ఉన్న పెళ్లాన్ని చూస్తే అతనికే జాలేసింది.

“అయిదు దాటిపోనాది. ఇంక మర్సిపో. ఇదిగో జిలేబీ. ఇలాగ సూడు.”

ఆమె చూడలేదు. ఎజ్రా ఊచల సందులోంచి చెయ్యి పెట్టి ఆమె భుజం ప్రేమగా తట్టాడు.

వేళ్లకు తడి నీలం రంగు అంటుకుంది.